ప్రాతో ఊళ్లో ఒక సన్యాసి, ఒక మఠకన్య: చారిత్రక కథ రాసేవాళ్ల కోసం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకు వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇటలీ పునరుజ్జీవన కాలం మీద కథ రాయాలనుంది అని ఎవరైనా అంటే, ముందు వచ్చే పేర్లేమిటి? లియొనార్డో, మైకెలాంజెలో. వాళ్ల జోలికి ఇవాళ వెళ్లను. కళ, ప్రేమ, మతం మూడూ ఒకే ఇంట్లో కాపురం పెట్టిన కథ ఒకటుంది. ఫ్రా ఫిలిప్పో లిప్పి అనే సన్యాసి చిత్రకారుడు (ఫ్రా అంటే బ్రదర్), లుక్రేజియా బూతి అనే మఠకన్య. ఇంటిపేరు విని నవ్వకండి, ఇటలీలో దానికి ఆ అర్థం లేదు. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. ఈ కథకు కాగితాలున్నాయి, ఆ కాగితాల మధ్య ఖాళీలూ ఉన్నాయి. నవలాకారుడికి చోటు ఎక్కడ? ఖాళీలో. కానీ ఖాళీ ఎక్కడుందో తెలియాలంటే ముందు కాగితం అంచు తెలియాలి కదా? నేను చెప్పదలచుకున్నది అంతే.

ముందు కాగితాలు చూద్దాం. ఫిలిప్పో 1406 ప్రాంతంలో ఫ్లారెన్సులో పుట్టాడు. అనాథ. ఇంటికి దగ్గర్లోని కార్మెలైట్ అనే సన్యాసుల సంఘం మఠం పెంచింది. 1421లో, పదిహేనేళ్లకే, సన్యాస ప్రమాణం చేయించారు. మన కథోలిక కుటుంబాల్లో మాటపట్టు అంటారే, అది. పదిహేనేళ్ల పిల్లవాడు, పోవడానికి ఇల్లు లేదు. అది భక్తా, అన్నం దొరికే చోటా? ఈ ప్రశ్న మీ నవలలో మొదటి అధ్యాయం నుంచి చివరిదాకా నడవాలి. జవాబు మాత్రం చెప్పకండి.

1439 ఆగస్టులో ఈయన, ఊరిని చేతుల్లో పెట్టుకున్న బ్యాంకర్ల కుటుంబం మెదిచీల ఇంటి పియెరోకి ఒక ఉత్తరం రాశాడు. ఫ్లారెన్సు మొత్తంలో నా అంత బీద సన్యాసి లేడు, పెళ్లికావలసిన ఆరుగురు మేనకోళ్లను దేవుడు నా నెత్తిన పెట్టాడు అని మొర. ఎంత మన ఉత్తరంలా ఉంది చూడండి! సన్యాసికి సంసారం లేదన్న మాటే గానీ బాధ్యత తప్పలేదు. 1450లో మరో గొడవ. జొవాన్ని అనే సహాయకుడు తనకు రావలసిన 40 ఫ్లోరిన్లు, అంటే బంగారు నాణేలు, ఇవ్వలేదని ఫిర్యాదు చేశాడు. ఫిలిప్పో ఇచ్చేశానని రసీదు చూపించాడు. రసీదు దొంగది. చిత్రహింస పెడితే ఒప్పుకున్నాడు. అంటే మీ నాయకుడు దొంగ రసీదు రాసిన చేత్తోనే మరియమాత ముఖం గీసినవాడు. దాన్ని కడిగి శుభ్రం చేయకండి. కడిగితే మిగిలేది క్యాలెండర్ బొమ్మ.

1452లో ప్రాతోకు మారాడు. ఫ్లారెన్సుకు ఇరవై కిలోమీటర్ల లోపే, బట్టల వ్యాపారం ఉన్న ఊరు. అక్కడి పెద్ద గుడిలో పీఠం వెనక గోడల మీద స్తెఫాను కథ, స్నాపక యోహాను కథ వేయాలి. ఆ పని నిజానికి ముందు ఫ్రా ఆంజెలికో అనే ఇంకో సన్యాసి చిత్రకారుణ్ణి అడిగారు, ఆయన ఒప్పుకోలేదు. ఫిలిప్పోకు అది ముగియడానికి దాదాపు 14 ఏళ్లు పట్టింది. ఈ 14 ఏళ్లే మీ నవల.

1456లో సాంతా మార్గెరీతా కాన్వెంటుకు చాప్లిన్‌గా, అంటే అక్కడి పూజలు జరిపే గురువుగా, ఆయన్ను వేశారు. ఇక్కడ ఒక చిక్కు. కాన్వెంట్ అని రాస్తే మన పాఠకుడికి టై కట్టుకుని వెళ్లే బడి కనబడుతుంది. మఠం అనండి, చాలు. లుక్రేజియా ఆ మఠంలో ఉంది. ఫ్లారెన్సు పట్టు వ్యాపారి ఫ్రాంచెస్కో బూతి కూతురు. తండ్రి పోయాక ఆమెనూ, చెల్లెలు స్పినెత్తానూ మఠంలో చేర్చారు. అప్పటికి ఆమెకు ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. ఫిలిప్పోకు యాభై. ఈ తేడా మరచిపోకండి. చాలామంది రాసేటప్పుడు ఆయన్ను ముప్పై ఏళ్ల కుర్రాణ్ణి చేసేస్తారు, ఎందుకంటే అది సుఖంగా ఉంటుంది.

మఠంలో ఎందుకు చేర్చారు? భక్తితోనా? కట్నం లెక్క చూడండి. ఫ్లారెన్సులో పెళ్లికట్నాలు ఎంత పెరిగాయంటే, 1425లో నగర ప్రభుత్వమే కట్నాల నిధి పెట్టింది. ఆడపిల్ల చిన్నప్పుడు తండ్రి డబ్బు కడితే ఏడున్నరేళ్లకో పదిహేనేళ్లకో అది కట్నమై తిరిగొస్తుంది. మఠానికీ కట్నం కట్టాలి, కాకపోతే పెళ్లికట్నంలో అది చిన్న భాగం. ఇద్దరు కూతుళ్లు, తండ్రి లేడు. ఎటు పంపుతారు? దీన్ని మన పాఠకుడికి మూడు వాక్యాల్లో చెప్పొచ్చు, పేజీలు అక్కర్లేదు. కట్నం సంగతి మనకు ఎవరూ నేర్పాల్సిన పనిలేదు.

ఇక ఆ రోజు. ప్రాతో గుడిలో మరియమాత నడికట్టు ఉందని నమ్మకం. ఆమె పరలోకానికి వెళ్తూ యేసు శిష్యుడు తోమాకు ఇచ్చిందట. పండగ రోజుల్లో దాన్ని బయటికి తెచ్చి, గుడి మూల మీద దొనతెల్లో, మికెలొత్సో అనే శిల్పులు కట్టిన వేదిక నుంచి వీధిలోని జనానికి చూపిస్తారు. అలాంటి ఒక పండగనాడు మఠకన్యలు నడికట్టు చూడటానికి వచ్చినప్పుడు ఫిలిప్పో లుక్రేజియాను తీసుకుపోయాడు అని వసారి రాశాడు. ఇక్కడ ఆగుదాం. వసారి ఎవరు? చిత్రకారుల జీవితాలు రాసిన పెద్దమనిషి, పుస్తకం మొదట అచ్చయింది 1550లో. అంటే తొంభై ఏళ్ల తరవాత. ఈ ఇద్దరికీ పెళ్లి చేసుకునేందుకు యుజీనియస్ పోపు అనుమతి ఇస్తానన్నాడని కూడా ఆయనే రాశాడు. నాలుగో యుజీనియస్ 1447లోనే పోయాడు! లుక్రేజియాను ఫిలిప్పో కలిసేనాటికి ఆ పోపు సమాధిలో తొమ్మిదేళ్లు. కాబట్టి వసారి చెప్పింది వాడుకోండి, కానీ ఏది కాగితం, ఏది వసారి నోటిమాట అన్నది మీ నోటుపుస్తకంలో రెండు రంగుల సిరాలతో రాసుకోండి.

మఠకన్యలు వీధిలోకి రావడమేమిటి, ఇనపకమ్మీలు ఉండవా అని అడుగుతారు. ఆ కమ్మీల కాలం తరవాతది. మఠకన్యలు గడప దాటకూడదన్న నియమాన్ని గట్టిగా అమలు చేయమన్నది కథోలిక చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ, 1563లో. 1456లో పండగకు గుంపుగా వెళ్లడం నమ్మదగిన సంగతే. మీరు రాసే తప్పుల్లో ఆ కమ్మీలే మొదటివి అవుతాయి, రాసి పెట్టుకోండి. లుక్రేజియాను ఎత్తుకుపోయే దృశ్యంలో గోడలు దూకించకండి. జనం అందరూ తలెత్తి పైన నడికట్టును చూస్తున్నారు. ఆ పది నిమిషాలు కింద ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో ఎవరు చూస్తారు? గోడ కంటే ఇది మంచిది.

ఇప్పుడు అసలు దృశ్యానికి వస్తున్నా. ప్రతి రచయితా రాసే దృశ్యం: ఆమె కిటికీ దగ్గర కూర్చుంది, ఆయన ఈజిల్ ముందు నిలబడి, చేతిలో రంగుల పళ్లెం, ఆమెను చూస్తూ బొమ్మ వేస్తున్నాడు. అయ్యా, అది తప్పు. అది నూనెరంగుల వాళ్ల పద్ధతి, అదీ తరవాతి శతాబ్దాలది. 1450ల ఫ్లారెన్సులో ఫిలిప్పో వాడింది ప్రధానంగా టెంపెరా, అంటే గుడ్డు పచ్చసొనలో కలిపిన రంగు. ఇది చెక్క మీద పెట్టిన నిమిషంలో ఆరిపోతుంది. అలికి కలపడం కుదరదు. ఉడత తోక వెంట్రుకల సన్నకుంచెతో సన్నగీతలు పక్కపక్కన వేసుకుంటూ పోవాలి. ఒక చెంపకు వందల గీతలు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చేసే పని కాదది.

మరి ఆమె ఎప్పుడు కూర్చుంది? కూర్చోవలసి వస్తే, గీత కోసం. కాగితం మీద. ఆ కాగితం తయారీ వినండి, ఇక్కడ మీ ప్రేమకథ దొరుకుతుంది. అప్పటి పనివాళ్ల కోసం 1400 ప్రాంతంలో చెన్నినో అనే చిత్రకారుడు రాసిన చేతిపుస్తకంలో ఉంది. కోడి తొడ ఎముకలు, రెక్క ఎముకలు తీసుకోవాలి. ఎంత పాతవైతే అంత మంచిది. భోజనం బల్ల కింద ఎలా పడి ఉన్నవి అలా ఏరి నిప్పులో వేయాలి. బూడిద కంటే తెల్లగా అయ్యాక తీసి, రాతి మీద రెండు గంటలు నూరాలి. ఆ పొడిని జిగురునీళ్లతో, రంగుతో కలిపి కాగితానికి పూతలు పూయాలి. ఆరాక వెండి మొనతో గీయాలి. వెండి కాస్త కాస్త అరిగి బూడిదరంగు గీత పడుతుంది, రోజులు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఇంకో సంగతి, దాన్ని చెరపలేం. పెట్టిన గీత పెట్టినట్టే.

మఠం వంటింట్లో బల్ల కింద కోడి ఎముకలు ఎవరు ఏరారు? చూశారా, ఆ పని లుక్రేజియాకు ఇవ్వండి. ఏ కాగితమూ అవునని చెప్పదు, ఏ కాగితమూ కాదని చెప్పదు. ఖాళీ అంటే ఇదే. ముద్దుల దృశ్యం కంటే ఎముకల దృశ్యం మీ పాఠకుడు పదేళ్లు గుర్తుపెట్టుకుంటాడు.

చెక్క సంగతి కూడా చెప్పి ముందుకు పోదాం. పోప్లార్ చెక్క. దాని మీద తోళ్లు ఉడికించిన జిగురు, మన వడ్రంగులు వజ్రం అంటారే, ఆ జాతిది. తరవాత పాత నార గుడ్డ పీలికలు. ఆ పైన జిప్సం సుద్ద పూతలు, ముందు ముతకది, తరవాత సన్ననిది. సన్నసుద్దను నీళ్లలో నెలరోజులు నానబెట్టి రోజూ కలపాలి, లేకపోతే గట్టిపడుతుంది. ఎనిమిది పూతలు. ఒక పూత పూర్తిగా ఆరకముందే ఇంకోటి పడాలి, జిగురు బలం పైపూతలో కింది పూత కంటే ఎక్కువ ఉండకూడదు. ఉంటే ఏమవుతుంది? పైన బిగుసుకుని కింద లాగి, పెచ్చులు లేస్తుంది. ఆ తరవాత గీకి దంతంలా నునుపు చేయాలి. కాబట్టి "మరునాడే ఆమె ముఖాన్ని చెక్క మీదికి ఎక్కించాడు" అని రాయకండి. వారాలు పడుతుంది.

ముఖం రంగు ఇంకా తమాషా. కింద ముందు పచ్చమన్ను రెండు పూతలు. అవును, ఆకుపచ్చ. దాని మీద ఇంగిలీకం, సీసపు తెలుపు కలిపిన గులాబిరంగు, మూడు ఛాయల్లో. పైరంగు కాలానికి అరిగిన పాత బొమ్మల్లో ముఖాలు పచ్చగా కనబడతాయే, అందుకే. మరొకటి. వయసులో ఉన్నవాళ్ల ముఖానికి పట్నం కోడి గుడ్డు, ముసలివాళ్ల ముఖానికి పల్లె కోడి గుడ్డు వాడమన్నాడు చెన్నినో. పల్లె కోడి సొన ఎర్రగా ఉంటుంది కాబట్టి. మనకు నాటుకోడి గుడ్డు తెలుసు, ఎవరికీ వివరించక్కర్లేదు. సొన ఏ రోజుకారోజు కొట్టాలి, నిలవుంటే కంపు కొడుతుంది. ప్రేమ దృశ్యం జరిగే గదికి ఆ వాసన ఉండాలి. ధూపం, మల్లెలు కాదు, కుళ్లబోతున్న గుడ్డు, ఉడికే జిగురు.

డబ్బు గురించి. ఫ్లోరిన్ బంగారు నాణెం, మూడున్నర గ్రాములు. కూలీలకు ఇచ్చేది వెండి నాణేల్లో, లెక్క లీరాల్లో. రెండింటి మారకం స్థిరంగా ఉండదు, ఆ రోజుల్లో ఫ్లోరిన్‌కు ఐదు లీరాలకు కాస్త అటూ ఇటూ. అందుకని "పది ఫ్లోరిన్లు విసిరాడు" అని కల్లు దుకాణం దృశ్యంలో రాయకండి, అది తాగుబోతు చేసే పని కాదు. నీలంరంగు గురించి మాత్రం ఎంత రాసినా తక్కువే. మంచి నీలం రాజావర్తం రాయి నుంచి వచ్చేది. రాయి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్‌షాన్ నుంచి వెనిస్ చేరి, అక్కడి నుంచి ఫ్లారెన్సుకు. పొడి కొడితే సరిపోదు, బూడిదరంగే వస్తుంది. ఒక పౌను పొడికి ఆరు ఔన్సుల పైన్ గుగ్గిలం, మూడు ఔన్సుల మస్తకి బంక, మూడు ఔన్సుల కొత్త మైనం కరిగించి ముద్ద చేసి, కనీసం మూడు రోజులు మూడు రాత్రులు ఉంచి, క్షారపు నీళ్లలో రెండు కర్రలతో పిసకాలి. మొదట దిగిన నీలం ఉత్తమం. చివర దిగేది బూడిదతో సమానం. 1485లో గిర్లాందాయో అనే చిత్రకారుడు చేసుకున్న ఒక ఒప్పందంలో ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల నీలమే వాడాలని రాయించుకున్నారు. ఎందుకు రాయించుకున్నారు? చిత్రకారుడు చివరిరకం వేసి మొదటిరకం డబ్బు తీసుకుంటాడని. మరి దొంగ రసీదు రాసిన మన ఫిలిప్పో దగ్గర మరియమాత పైట రంగు ఏ రకం? ఇదిగో మతం, ఇదిగో కళ, రెండూ ఒక ఔన్సు దగ్గర తగువులాడుతున్నాయి.

1457 సంగతి. ఆ ఏడాది ప్రాంతంలో కొడుకు పుట్టాడు, ఫిలిప్పీనో. అదే ఏడాది జులైలో ఫిలిప్పో మెదిచీల జొవాన్నికి ఉత్తరం రాశాడు, కింద బొమ్మ గీసి మరీ. నేపుల్స్ రాజుకు కానుకగా పంపే మూడు పలకల చిత్రం అది. ముట్టింది 14 ఫ్లోరిన్లు, ఖర్చు 30 అవుతుంది, చెక్క, బంగారం, పని అన్నీ కలిపి 60 ఇప్పించండి అని. ఇంట్లో పసివాడు, లేదా రేపో మాపో రాబోయేవాడు. ఆ ఉత్తరంలో వాడి ప్రస్తావన ఉండదు కదా? ఉండదు. ఉత్తరం రాస్తున్న బల్ల పక్కన ఉయ్యాల పెట్టవలసింది మీరు.

తేదీల గురించి ఒక హెచ్చరిక. ఫ్లారెన్సు వాళ్ల కొత్త ఏడాది జనవరి 1 కాదు, మార్చి 25. మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన పండగ. కాబట్టి పాత కాగితంలో "1456 ఫిబ్రవరి" అంటే మన లెక్కలో 1457. ఈ తిరకాసు తెలియక గర్భం పద్నాలుగు నెలలు మోయించిన నవలాకారులు ఉంటారు. గంటలు కూడా పొద్దుగూకినప్పటి నుంచి లెక్క. ఇరవై రెండో గంట అంటే సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఖాళీ. లుక్రేజియా తరవాత చెల్లెలు స్పినెత్తా, మరికొందరు మఠకన్యలు కూడా బయటికొచ్చేశారు. బాగానే ఉంది. కానీ 1459 డిసెంబరులో వీళ్లు మళ్లీ మఠంలో ప్రమాణం చేశారు. లుక్రేజియా కూడా! బ్రహ్మచర్యం పాటిస్తానని మళ్లీ చెప్పింది, రెండేళ్ల పిల్లవాణ్ణి పెట్టుకుని. తరవాత మళ్లీ ఫిలిప్పో ఇంట్లో. ఎందుకు వెళ్లింది? బలవంతమా? పశ్చాత్తాపమా? ఫిలిప్పోతో తగాదానా? పిల్లవాడు ఆ రోజుల్లో ఎవరి చేతుల్లో ఉన్నాడు? కాగితం చెప్పదు. ప్రేమకథగా రాయాలనుకునేవాళ్లు ఈ 1459ని దాటేస్తారు, ఎందుకంటే ప్రేమకు అడ్డొస్తుంది. అడ్డొచ్చింది కాబట్టే అక్కడ నిలబడాలి. నన్నడిగితే నవల అక్కడే మొదలుపెట్టొచ్చు, ఆమె రెండోసారి ప్రమాణం చెప్పే పొద్దున. మొదటిసారి చెప్పినప్పుడు దేనికి ఒప్పుకుంటోందో ఆమెకు తెలియదు. రెండోసారి తెలుసు.

1461 మేలో ఫ్లారెన్సులో రాత్రి కాపలా, మఠాల వ్యవహారాలు చూసే అధికారులకు ఆకాశరామన్న ఉత్తరం అందింది. పేరు రాయకుండా పెట్టెలో వేసేవాళ్లు, ఆ పెట్టెను డోలు అని పిలిచేవారు. ఆ మఠంతో సంబంధమున్న మగవాళ్ల సంగతులు చెబుతూ, ఫ్రా ఫిలిప్పోకు ఫిలిప్పీనో అనే కొడుకున్నాడని అందులో ఉంది. చుట్టుపక్కల వాళ్లకు ఎప్పుడో తెలిసిన సంగతే, కాగితం మీదికి ఎక్కడానికి నాలుగేళ్లు. ఆ ఏడాదే కోసిమో మెదిచీ మాట సాయంతో రెండో పియుస్ పోపు ఇద్దరినీ ప్రమాణాల నుంచి విడిపించాడని చరిత్రకారులు చెబుతారు. 1465లో కూతురు అలెస్సాంద్రా పుట్టింది.

ఫ్లారెన్సులోని ఊఫీత్సీ మ్యూజియంలో ఉన్న ఫిలిప్పో మరియమాత బొమ్మ మీలో చాలామంది ఫోనులో చూసే ఉంటారు. 1460ల మొదట్లోది, మీటరు కంటే తక్కువ ఎత్తు. పల్చటి మేలిముసుగు, ముత్యాలు, ఎత్తయిన నుదురు. ఆ నుదురు పుట్టుకతో వచ్చింది కాదు, అప్పటి ఫ్యాషన్ ప్రకారం వెంట్రుకలు పీకించుకునేవారు. కింద ఒక దేవదూత, అచ్చం అల్లరి పిల్లవాడు, మనవైపు తిరిగి నవ్వుతాడు. ఆమె లుక్రేజియా, వాడు ఫిలిప్పీనో అని గైడ్లందరూ చెబుతారు. అది వాడుకలో ఉన్న మాట, రుజువు కాదు. మీ నవలలో అవుననుకోవచ్చు. కానీ చివరిమాటలో "ఇది చరిత్ర" అని రాయకండి.

గోడ పని గురించి కాస్త చెప్పి ముగిస్తాను. తడి సున్నం మీద రంగు వేస్తే, సున్నం ఆరుతూ గాలితో కలిసి రాయిలా మారి రంగును తనలో పట్టుకుంటుంది. కాబట్టి ఆ రోజు వేయగలిగినంత మేరకే సున్నం పూయాలి. ఒక ముఖానికి ఒక రోజు. సాయంత్రానికి మిగిలిన సున్నం చెక్కేయాలి. ఆరిపోయాక వేసిన రంగు పొడిలా రాలుతుంది. సీసపు తెలుపు తడి సున్నంలో నల్లబడుతుంది. నీలం లాంటివి గోడ ఆరాక జిగురుతో వేయాలి, అవే ముందు రాలిపోతాయి. పాత గోడల మీద ఆకాశాలు తెల్లబోయి ఉండటానికి కారణం అదే. ఇంకోటి, తడిగా ఉన్నప్పుడు రంగు ముదురుగా కనబడి, ఆరాక తేలిపోతుంది.

ఇదెందుకు చెబుతున్నానంటే, ఫిలిప్పో 1469లో స్పొలేతో అనే ఊరి గుడిలో పని నడుస్తుండగా పోయాడు. ఫిలిప్పీనోకు పన్నెండేళ్లు. తండ్రి దగ్గర నేర్చుకున్న చిత్రకారుడు బొత్తిచెల్లి దగ్గరే కొడుకూ పనికి చేరాడు. 1480లలో ఫిలిప్పీనోకు ఒక పని వచ్చింది. తండ్రి చిన్నప్పుడు పెరిగిన అదే కార్మెలైట్ మఠం గుడిలో, మసాచ్చో అనే చిత్రకారుడు సగంలో వదిలేసి పోయిన గోడ పూర్తిచేయాలి. తండ్రి కుర్ర సన్యాసిగా ఉన్న రోజుల్లో మసాచ్చో వేసిన గోడ అది. ఈ అధ్యాయం రాసేటప్పుడు ఫిలిప్పీనో చేత కన్నీళ్లు పెట్టించకండి. వాడి ముందున్న ఇబ్బంది వేరు. పక్కన యాభై ఏళ్ల కిందట ఆరిపోయిన రంగు ఉంది, తన చేతికింద తడి సున్నం ఉంది. రెండూ కలవాలి. ఇప్పుడు కలిసినట్టు కనబడితే ఆరాక కలవవు. కలిశాయో లేదో తెలియాలంటే మెట్లు దిగి ఇంటికి పోయి, కొన్ని రోజులాగి మళ్లీ వచ్చి చూడాలి.